కోట లేని ఊరు: జమ్మికుంటను ఎట్ల పరిచయం చేయాలె?

సబ్‌టైటిల్స్ పెట్టుకొని చూస్తున్న విదేశీ మిత్రులకు ఇయ్యాల మా ఊరి ముచ్చట.

ఓరుగల్లును పరిచయం చేయడం సులువు. కోట, కాకతీయుల తోరణాలు చూపిస్తే అయిపాయె. 2021 నుంచి రామప్పకు యునెస్కో గుర్తింపు కూడా ఉంది. మరి జమ్మికుంటల ఏం చూపించాలె?

నేనైతే ముందు రైల్వే స్టేషన్ చూపిస్త. నిజాం కాలంలో, 1929ల, కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. దాంతోటే ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిసినయ్. ఆ లైను మీదనే మా ఊరు. చాలా బండ్లు ఇక్కడ ఆగవు, అది వేరే బాధ.

తర్వాత పత్తి మార్కెట్. రైతు పత్తి తెస్తే ముందు చూసేది తేమ. సీసీఐ పూర్తి మద్దతు ధర ఇయ్యాలంటే 8 శాతం దాటొద్దు. 12 వరకు కోత పెట్టి కొంటరు, అది కూడా దాటితే కొనరు. ఒక్క వాన పడ్డా రైతు గుండె దడదడే.

ఇంక ఊరి పేరు. జమ్మి అంటే చెట్టు, కుంట అంటే చిన్న చెరువు. దసరా నాడు జమ్మి ఆకును "బంగారం" అని పెద్దల చేతిల పెట్టి కాళ్లు మొక్కుతం. తెల్ల బంగారమనే పత్తి మార్కెట్‌కు రావడం మొదలయ్యేది కూడా ఆ రోజులల్లనే. సబ్‌టైటిల్‌ల రెండుసార్లు బంగారం అని పడితే పరేషాన్ కాకుండ్రి: ఒకటి ఆకు, ఒకటి పత్తి.