బ్రష్ పోయింది, పని పోలేదు: బ్యాటరీ గడ్డి మిషన్ వెనక 190 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో అట్టపెట్టె మీద రాసి ఉండే ఒక మాట గురించి మాట్లాడుకుందాం. బ్యాటరీతో గడ్డి కోసే మిషన్ గానీ, కంచె మొక్కలు కత్తిరించే ట్రిమ్మర్ గానీ, ఎండుటాకులు ఊదే బ్లోయర్ గానీ ఈమధ్య మీరు చూసి ఉంటే, దాని మీద "బ్రష్‌లెస్ మోటార్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అదేంటని షాపులో అడిగితే, "దీనికి మెయింటెనెన్స్ ఏమీ ఉండదండీ" అంటారు.

ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే డబ్బు పోయేది మనదే. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఒక్కటే: మోటార్‌కి దాదాపు 190 ఏళ్ల చరిత్ర ఉంది. ఇన్నేళ్లలో మెయింటెనెన్స్ ఏనాడూ మాయం కాలేదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారుతూ వచ్చింది, అంతే. ఇప్పుడు అది ఎక్కడికి చేరిందో తెలిస్తే మిషన్ పదికాలాలు ఉంటుంది.

ముందు బ్రష్ అంటే ఏంటో చూద్దాం. "బ్రష్ కట్టర్" పేరులో ఉన్న బ్రష్ వేరు, అక్కడ దానర్థం పొదలు. మనం మాట్లాడేది మోటార్ లోపలి బ్రష్ గురించి. మామూలు మోటార్‌లో తిరిగేది తీగచుట్ట. అది ఆగకుండా తిరగాలంటే సగం చుట్టు తిరిగిన ప్రతిసారీ అందులో కరెంటు దిశ మార్చాలి. మార్చకపోతే కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. అందుకని ఇరుసు మీద రాగి ముక్కలని ఉంగరంలా పేర్చారు. దాని పేరు కమ్యుటేటర్. గిర్రున తిరిగే ఆ ఉంగరానికి బయటినుంచి కరెంటు అందాలంటే ఏదో ఒకటి దాన్ని రాసుకుంటూ ఉండాలి కదా. ఆ రాసుకునేదే బ్రష్.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్ట్ అని ఒక కమ్మరి ఉండేవాడు. 1834లో మోటార్ తయారుచేసి, 1837లో పేటెంట్ తీసుకున్నాడు. తీగలకి ఇన్సులేషన్ కోసం ఆయన భార్య ఎమిలీ తన పెళ్లినాటి పట్టు గౌను చింపి ఇచ్చిందని చెబుతారు. అప్పటికి ఎక్కడా కరెంటు లైన్లు లేవు. ఆ మోటార్ నడిచింది బ్యాటరీ మీదే. ఆ బ్యాటరీలో జింకు కరిగిపోతుండేది, కొత్తది వేస్తూ ఉండాలి. బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రం ముందు ఆ ఖర్చు నిలబడలేదు. డావెన్‌పోర్ట్ 1851లో పేదవాడిగానే చనిపోయాడు.

గమనించారా? మోటార్ తిరిగింది, దెబ్బకొట్టింది బ్యాటరీ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత 1870లు, 80ల్లో డైనమోలు వచ్చాయి. వాటిలో బ్రష్‌లు నిజంగానే బ్రష్‌లు, అంటే రాగి తీగల కట్టలు. పేరు అక్కణ్ణుంచే వచ్చింది. లోడ్ మారినప్పుడల్లా నిప్పురవ్వలు లేచేవి. అందుకని ఒక మనిషి పక్కనే ఉండి బ్రష్‌లని కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతుండాలి. పైగా రాగి మీద రాగి రాసుకుని రెండూ అరిగేవి. అప్పట్లో మెయింటెనెన్స్ అంటే ఒక మనిషికి పూర్తి ఉద్యోగం అన్నమాట.

1885లో జార్జ్ ఫోర్బ్స్ అనే స్కాట్లండ్ ఇంజినీరు రాగి బదులు కార్బన్ వాడమన్నాడు. వినడానికి చిన్న మార్పే గానీ, దాని ఫలితం చాలా పెద్దది. కార్బన్ మెత్తన. కమ్యుటేటర్‌ని తినెయ్యకుండా తానే అరుగుతుంది. నిప్పురవ్వలు కూడా తగ్గుతాయి. అంటే ఖరీదైన భాగం బతకడానికి ఒక చవక ముక్క అరిగిపోతుంది. ఎప్పటికప్పుడు ఆ ముక్క మార్చుకుంటే చాలు.

ఇది మీకు తెలియని విషయమేం కాదు, మీ వంటింట్లోనే ఉంది. గారెల పిండి గట్టిగా రుబ్బుతుంటే మిక్సీ కింద నీలంగా మెరుపులు, కాలిన వాసన వస్తాయి చూడండి. రిపేర్ షాపుకి తీసుకెళ్తే, "కార్బన్లు అరిగాయమ్మా" అని రెండు చిన్న ముక్కలు మార్చి ఇచ్చేస్తాడు. స్క్రూడ్రైవర్, కాస్త అనుభవం ఉంటే చాలు. ఈ పని మీద ఎన్నో కుటుంబాలు బతికాయి. ఇప్పుడు పెద్ద టూల్స్ కంపెనీ అయిన మకిటా కూడా 1915లో జపాన్‌లోని నగోయాలో మోటార్లు అమ్మి, రిపేర్ చేసే చిన్న షాపుగానే మొదలైంది.

సరే, ఇప్పుడు బ్యాటరీ మళ్లీ కథలోకి వస్తుంది. 1961లో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ వైరు లేని డ్రిల్ తెచ్చింది. అందులో ఉన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీ. స్వీడన్‌కి చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లోనే దాన్ని కనిపెట్టాడు. పదేళ్లు తిరిగేసరికి, 1971లో, అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్‌తో చంద్రుడి నేలలో రంధ్రాలు వేశారు.

మరి చంద్రుడి మీద నడిచింది తోటలో ఎందుకు నడవలేదు? తోట పనికి బలం కావాలి, అదీ గంటల తరబడి కావాలి. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నప్పుడు దాన్ని నెట్టింది మనిషి. ఆ తర్వాత పెట్రోల్ ఇంజిన్ వచ్చి ఆ చోటు పట్టేసింది. అపోలో 15 వెళ్లిన ఆ 1971లోనే, హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్ అనే ఆయన కారు వాష్‌లో గిర్రున తిరిగే బ్రష్‌లు చూసి, ఒక డబ్బాకి చిల్లులు పెట్టి, చేపలు పట్టే నైలాన్ తీగ దూర్చి, దాన్ని తిప్పి గడ్డి కోశాడు. ఇప్పటి తీగ ట్రిమ్మర్ పుట్టింది అలాగే. ఐడియా బాగుంది, కానీ వైరు లేకుండా గట్టి పని చేయాలంటే ఇంకా కొన్ని దశాబ్దాలు పెట్రోలే దిక్కయింది. నికెల్ కాడ్మియం బ్యాటరీ బరువెక్కువ, బలం తక్కువ.

ఇక బ్రష్ ఎలా పోయిందో చూద్దాం. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు అమెరికా ఇంజినీర్లు ఒక పేపర్ రాశారు. కరెంటు దిశ మార్చే పనిని రాగి ఉంగరంతో కాకుండా ట్రాన్సిస్టర్ లాంటి ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో చేయించవచ్చని అందులో చూపించారు. అంటే మోటార్‌ని తిరగేశారన్నమాట. తీగచుట్టలు కదలకుండా ఉంటాయి, అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతం ఎక్కడుందో ఒక సెన్సర్ చెబుతుంటే, చిన్న సర్క్యూట్ బోర్డు క్షణానికి వందల సార్లు కరెంటు మారుస్తుంటుంది. రాసుకునేది ఏదీ లేదు కాబట్టి అరిగేదీ లేదు, నిప్పురవ్వా లేదు. అదే ఛార్జ్ మీద ఎక్కువ పని జరుగుతుంది.

మరి 1962లో తెలిసిన సంగతి మన చేతికి రావడానికి అంతకాలం ఎందుకు పట్టింది? మూడు విషయాలు కుదరాలి. ఒకటి, చిన్న సైజులో బలమైన అయస్కాంతం. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటర్స్ పరిశోధకులు విడివిడిగా నియోడిమియం అయస్కాంతం తయారుచేశారు. రెండు, తేలికైన బ్యాటరీ. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2005లో మిల్వాకీ కంపెనీ దాన్ని 28 వోల్టుల టూల్స్‌లో పెట్టింది. మూడు, చవకైన చిప్‌లు. అవి సెల్‌ఫోన్లు, కంప్యూటర్ల పుణ్యాన వచ్చాయి.

దీనికి చట్టం కూడా తోడైంది. కాలిఫోర్నియాలో పెట్రోల్ బ్లోయర్ గంటసేపు నడిపితే వచ్చే కాలుష్యం, 2017 మోడల్ కారు సుమారు 1,100 మైళ్లు తిరిగితే వచ్చేంత అని అక్కడి గాలి నాణ్యత బోర్డు లెక్కగట్టింది. 2021లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసి, ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్ల కొత్త అమ్మకాలకి 2024 నుంచి అడ్డుకట్ట వేసింది. అక్కడున్న మన అన్నయ్యలూ అక్కలూ వారాంతంలో పెరట్లో తిప్పే మోవర్ బ్యాటరీదవడం వెనక ఈ కథ కూడా ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బ్రష్ పోయింది, మరి దానికి చేసే సేవ ఎక్కడికి పోయింది?

మొదటిది, బ్యాటరీ దగ్గరికి. డావెన్‌పోర్ట్ దగ్గర ఆగిన చోటికే మళ్లీ వచ్చాం చూడండి. ఇక్కడ ఒక చిక్కుంది. పాత బ్యాటరీల సలహాలు కొత్త బ్యాటరీలకి అంటుకుని తిరుగుతున్నాయి. "పూర్తిగా అయిపోయేదాకా వాడి, అప్పుడే ఛార్జ్ పెట్టు" అని పెద్దవాళ్లు అంటారు కదా, అది నికెల్ కాడ్మియం కాలం మాట. అప్పటికి కరెక్టే. లిథియంకి అలా చేస్తే నష్టం. పాత రకం ఛార్జింగ్ స్ప్రేయర్లలో ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ, 1859లో ఫ్రాన్స్‌లో ప్లాంటే కనిపెట్టిన రకం. దానికి ధర్మం పూర్తిగా వేరు. ఎప్పుడూ నిండుగా ఉంచాలి, ఖాళీగా వదిలేస్తే చచ్చిపోతుంది. అంటే మూడు బ్యాటరీలకి మూడు ధర్మాలు. మీ మిషన్‌లో ఉన్నది ఏదో ముందు లేబుల్ మీద చదవండి.

లిథియం అయితే మీ ఫోన్‌కి పాటించేవే దీనికీ పాటించండి. వేడి దాని శత్రువు. పని అవ్వగానే వేడివేడిగా ఛార్జర్‌కి పెట్టకండి, చల్లారనివ్వండి. మే నెలలో రేకుల షెడ్డులోనో, ఎండలో ఆపిన కారులోనో వదిలెయ్యకండి. రెండు మూడు నెలలు వాడకపోతే సగం ఛార్జ్‌తో, మిషన్ నుంచి తీసి, చల్లని పొడి చోట దాచండి. ఉబ్బినా, నీళ్లలో మునిగినా ఇక దాన్ని ఛార్జ్ చేయవద్దు.

రెండోది, సర్క్యూట్ బోర్డు దగ్గరికి. బ్రష్ చేసే పని ఇప్పుడు ఇది చేస్తోంది. దీనికి నీళ్లు, వేడి పడవు. పని అయ్యాక బైక్ కడిగినట్టు ప్రెషర్ వాటర్ కొట్టకండి. ముందు బ్యాటరీ తీసెయ్యండి. ఆ తర్వాత పొడి బ్రష్‌తో గాలి సందుల్లో ఇరుక్కున్న గడ్డి దులపండి. అవి మూసుకుపోతే లోపలి వేడి బయటికి పోదు. బ్యాటరీ కనెక్షన్ బిళ్లల్ని పొడి గుడ్డతో తుడవండి.

మూడోది, అసలు పని చేసే అంచు దగ్గరికి. బ్లేడ్ మొద్దుబారితే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డు వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. చాలామంది అప్పుడు బ్యాటరీని తిడతారు. సానపెట్టాల్సింది బ్లేడ్‌ని. ఇరుసుకి చుట్టుకున్న గడ్డి తీసెయ్యండి. బ్యాటరీ రంపమైనా సరే, గొలుసుకి ఆయిల్ పోయాల్సిందే. మోటార్ మారింది గానీ, ఇనుము మీద ఇనుము రాసుకోవడం మారలేదు. ట్రిమ్మర్‌లో నైలాన్ తీగ ఎండిపోయి పుటుక్కున తెగుతుంటే, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. మళ్లీ మెత్తబడుతుంది.

ఇంకొక్క మాట చెప్పాలి. మనం కొంత పోగొట్టుకున్నాం కూడా. కార్బన్లు మార్చే షాపతను ఈ బోర్డుని బాగుచేయలేడు. అతనికి తెలివి లేక కాదు. చాలా బోర్డుల్ని జిగురు పోసి మూసేస్తారు, విడిభాగం విడిగా అమ్మరు. మెయింటెనెన్స్ మన వీధిలోంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. 2022లో మన కేంద్ర ప్రభుత్వం "రైట్ టు రిపేర్" మీద కమిటీ వేసినప్పుడు, సెల్‌ఫోన్లతో పాటు వ్యవసాయ పరికరాలని కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. యూరప్‌లో 2023లో చేసిన రూల్ ప్రకారం, 2027 ఫిబ్రవరి నుంచి పరికరాల్లోని చిన్న బ్యాటరీల్ని, కొన్ని మినహాయింపులు పోను, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. ఇవన్నీ ఒకే గొడవలో భాగం: నేను కొన్న వస్తువుని బాగుచేసుకునే హక్కు నాకు ఉందా లేదా?

అందుకని ఈసారి షాపుకి వెళ్లినప్పుడు "బ్రష్‌లెస్సేనా?" అని అడిగి ఊరుకోకండి. ఈ బ్యాటరీ విడిగా దొరుకుతుందా? ఇంకో ఐదేళ్లకి దొరుకుతుందా? బోర్డు పోతే మారుస్తారా, మారిస్తే ఎంతవుతుంది? సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉంది? ఈ నాలుగూ అడగండి. జవాబులు సరిగ్గా రాకపోతే, ఆ మిషన్‌కి మెయింటెనెన్స్ లేదన్న మాటకి అర్థం వేరే ఉంది. పాడైతే పారేయడమే అని.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.