ఒత్తు చెరిగిన పేరు

పోయిన వేసవిలో ఊళ్లో మా అత్తగారింటి అటక దులుపుతుంటే రేకుపెట్టె అడుగున పాత కాగితాల కట్ట దొరికింది. బర్కత్‌పుర ఇంటికి తెచ్చి, మంచం మీద పాత చీర పరిచి జాగ్రత్తగా విప్పాను. అందులో ఒక లెక్కల పుస్తకం, దాని చివరి పేజీల్లో చేత్తో రాసిన వంశావళి ఉన్నాయి. సిరా వెలిసి గోధుమరంగుకి తిరిగింది. మా బావగారు వాటి ఫోటోలు చూసి అప్పటికే వంశవృక్షం టైపు చేయించేశారు. గృహప్రవేశంలో చుట్టాలందరికీ పంచాలని ఆయన ఆశ.

నాకు మాత్రం ఒక్క పేరు దగ్గర అనుమానం. చివర "య్య" అని ఆయన చదివారు. కానీ కాగితం మడత సరిగ్గా ఆ ఒత్తు మీదే పడి, అది రాలిపోయింది. పైన మిగిలిన అక్షరం "య" కావచ్చు, "మ" కావచ్చు. వెలిసిన సిరాలో ఆ రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. "య్య" అయితే ఆ పెద్దాయనకి పిల్లల్లేని కొడుకు. "మ్మ" అయితే ఆయన భార్య, అంటే మా మామగారి నాయనమ్మ. వంశావళిలో ఆడవాళ్ల పేర్లు ఎలాగూ ఉండవు కదా అనుకుంటాం. అందుకే బావగారి కంటికి "అయ్య" కనిపించింది.

ఆ పేరు పక్కన "శావ౯రి మాఘం, శిస్తు చెల్లు" అని ఉంది. మాట మధ్యలో తొమ్మిది అంకె ఎందుకొచ్చిందా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో పాత పుస్తకాల అచ్చు చూశాక వెలిగింది. అది అంకె కాదు, వలపలగిలక! "ర్వ" అని రాయడానికి "వ" పక్కన పెట్టే గుర్తు. అంటే అది శార్వరి నామ సంవత్సరం. అయితే అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరాయె. 1900, 1960, 2020... వీటిలో ఏది?

ఊహలు కట్టిపెట్టి, అదే చేతిరాతలో ఉన్న "మ"లన్నీ ఒక వరుసలో, "య"లన్నీ ఇంకో వరుసలో ఉన్నవి ఉన్నట్టు దించాను. పొద్దున్నే కిటికీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే కలం నొక్కిన గీతలు కొంచెం తేలాయి. "మ" వైపే మొగ్గింది. కానీ మొగ్గు సాక్ష్యం కాదుగా!

కట్టలో ఒక ఉర్దూ రసీదు కూడా ఉంది. నిజాం ప్రభుత్వం 1880ల్లో ఫారసీ బదులు ఉర్దూలో కచేరీ పనులు నడపడం మొదలుపెట్టింది. మా వీధి చివర రిటైర్డ్ ఉర్దూ టీచరమ్మ ఉన్నారు, మేమంతా ఆపా అంటాం. ఆ రసీదు ఆవిడకి చూపించాను. కచేరీ గుమాస్తాలది శికస్తా రాత, చుక్కలు ఎగరగొట్టేస్తారు. ఆపా భూతద్దం పెట్టి చాలాసేపు చూసి అన్నారు: "పేరు తర్వాత వల్ద్ అని లేదమ్మా, జౌజా అని ఉంది."

వల్ద్ అంటే ఫలానావారి కొడుకు. జౌజా అంటే భార్య.

రసీదు మీద ఫసలీ 1310. దానికి 590 కలిపితే 1900. నిజాం కాలంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఆ శార్వరి మాఘం, అంటే 1901 మొదటి నెలలు, అందులోనే పడతాయి. రెండు కాగితాలూ ఒకే మాట చెప్పాయి. ఆ ఏడు భూమి శిస్తు కట్టింది ఆవిడే.

బావగారికి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకా అచ్చుకివ్వలేదు, మార్పిస్తానమ్మా" అన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కట్ట ఉంటే తడి గుడ్డ పెట్టి తుడవకండి, లామినేషన్ చేయించకండి. ముందు ఫోటో తీయండి. చదవలేని అక్షరం దగ్గర ఖాళీ వదలండి, తోచింది నింపకండి. మనం తొందరపడి నింపే ఆ ఖాళీలో ఎవరి నాయనమ్మ ఉందో!