సూది ఎవరికి, ఇల్లు ఎవరికి: కోనసీమలో దిక్కులేని కుక్కలు, పిల్లుల సంగతి

వీధికుక్కలు ఎక్కువయ్యాయని ఊళ్లో మాట మొదలైతే చాలు, "సూది వేయించి వదిలించుకుందాం" అనే సలహా వెనకాలే వస్తుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా ఇంతే. ఆ సూది ఏ జంతువుకు, ఎవరు, ఎప్పుడు వేయాలో చట్టం స్పష్టంగానే చెప్పింది. అది తెలియక చనిపోయే జంతువుల్లో చాలావాటికి నిజానికి కావాల్సింది కాస్త మందు, ఒక ఇల్లు.

2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్రం 2023 మార్చిలో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వీటి ప్రకారం నయంకాని జబ్బుతో ఉన్న కుక్కకు, ప్రాణం దక్కని గాయం తగిలిన కుక్కకు మాత్రమే కారుణ్య మరణం. అదీ స్థానిక పర్యవేక్షణ కమిటీ నియమించిన బృందం పరీక్షించి చెప్పాక, అర్హత గల పశువైద్యుడే నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వాలి. రేబిస్ అనుమానం ఉన్న కుక్కను కూడా కొట్టి చంపకూడదు, విడిగా బంధించి ఉంచాలి. రేబిస్ ఉంటే అది సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. పంచాయతీలో తీర్మానం చేసుకుని ఊరంతా ఒప్పుకున్నా విషం పెట్టడం నేరమే. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మాత్రం మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. కిలో చికెన్ కూడా రాదు ఆ డబ్బుకి!

ఇది ఎక్కడో దూరాన జరిగే పని కాదు. గోదావరి అవతల, అప్పటి పశ్చిమగోదావరి జిల్లా లింగపాలెంలో వందలాది కుక్కలను చంపి గోతిలో పూడ్చారని 2021 జూలైలో జంతు హక్కుల కార్యకర్తలు పోలీసులకు ఫిర్యాదు చేశారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో సుమారు ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు.

పోనీ చంపితే బెడద తగ్గుతుందా? తగ్గదు. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల పాటు కుక్కల్ని పట్టి చంపింది, అయినా వీధులు ఖాళీ కాలేదు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్న ఆలోచనను చెన్నై బ్లూ క్రాస్‌కు చెందిన చిన్నీ కృష్ణ 1964లోనే ముందుకు తెచ్చారు. నగరం దాన్ని ఒప్పుకున్నది 1996లో! కారణం తేలికే. చేపల బజారు, చికెన్ కొట్టు వెనక పడేసిన వ్యర్థాలు ఉన్నంతకాలం, చచ్చిన కుక్క స్థానంలోకి పక్క ఊరి కుక్క వస్తుంది. దానికి టీకా కూడా ఉండదు. బక్రీద్ రోజుల్లో పేగులు, ఎముకలు లోతుగా పూడ్చే మొహల్లాలో ఈ గొడవ సగం తగ్గుతుంది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే దారి పట్టింది. రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతా కుక్కలకు ఆపరేషన్, టీకా చేసి తిరిగి వదలాలంది. వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవారు స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఆ కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదే. నవంబర్ 7న ఇచ్చిన మరో ఉత్తర్వుతో స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు. వాటికి షెల్టరే గతి. కాబట్టి ఇల్లు దొరికే కుక్కల సంఖ్య ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది.

చావు జబ్బులా కనిపించేవి

జనం "ఇది బతకదు" అనేసే జబ్బుల్లో కొన్ని నయమయ్యేవే. ఒళ్లంతా బొచ్చు రాలి, చర్మం బీటలు వారిన గజ్జి కుక్క కొన్ని వారాల మందుతో కోలుకుంటుంది. పురుగులు పట్టిన పుండును శుభ్రం చేసి కట్టు కడితే మానుతుంది. జననాంగం దగ్గర రక్తం కారుతూ మాంసపు ముద్దలా పెరిగే గడ్డను చూసి క్యాన్సర్ అని వదిలేస్తారు. అది క్యాన్సర్ రకమే, కానీ వారానికొకటి చొప్పున కొన్ని విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు పూర్తిగా పోతుంది. కాలు పోయిన కుక్క మూడు కాళ్లతో హాయిగా తిరుగుతుంది. ఇలాంటివి కనిపిస్తే ముందు దగ్గర్లోని పశువైద్యశాలకు చూపించాలి, లేదా సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో 1996 నుంచి ఉన్న వీఎస్‌పీసీఏ వంటి సంస్థలు పెద్ద నగరాల సంగతి. కోనసీమ పల్లెలో గాయపడిన జంతువుకు తొలి షెల్టర్ ఎవరో ఒకరి పెరడే.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్న

పిల్లితో పేచీ లేదు. అది ఇంట్లో తిరిగే ప్రాణి, అపవిత్రం కాదని హదీసు ఉంది. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించీ హదీసు ఉంది. కుక్క దగ్గరే ఇబ్బంది. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారన్న హదీసు పెద్దలకు గుర్తొస్తుంది. అయితే వేటకు, మందకు, పొలం కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి దైవప్రవక్త (సల్లం) అనుమతించారు. కోనసీమ కొబ్బరి తోటలో, చేపల చెరువు గట్టు మీద పడుకునే నాటు కుక్క చేసే పని అదే కదా! దాన్ని ఇంట్లో కాకుండా తోటలో గూడు కట్టి ఉంచితే చాలు. హనఫీ ఫిఖ్హ్‌లో కుక్క లాలాజలమే నజీస్, పొడిగా ఉన్న ఒళ్లు తగిలితే బట్టలు పాడైనట్టు కాదు. అది మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు, ఒకసారి మట్టితో, కడగాలని హదీసు. దాని గిన్నె వేరుగా పెడితే ఆ పని కూడా ఉండదు. దాహంతో ఉన్న కుక్కకు చెప్పుతో నీళ్లు తోడి పోసిన మనిషికి క్షమాపణ దొరికిన సంగతి పిల్లలకు కూడా తెలుసు.

ఆపరేషన్ మీద కూడా అనుమానం ఉంటుంది. జంతువుకో, మనుషులకో మేలు ఉంటే దోషం లేదని హనఫీ గ్రంథాల్లో ఉంది. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది. ఆ పిల్లల్ని గోనెసంచిలో కట్టి కాలువ గట్టున వదిలే పని కంటే ఆపరేషన్ ఎంతో నయం. అలా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం కూడా.

పిల్లనైనా, కూననైనా ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచాకే ఇంటికి తేవాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా మరొకటి. పార్వో టీకా ఇంకా ముందే మొదలవుతుంది, దాన్ని ఆలస్యం చేస్తే కూన వారంలోనే పోవచ్చు. వచ్చే రెండేళ్లలో ఇంట్లో ఎవరైనా గల్ఫ్ వెళ్తే దీన్ని ఎవరు చూస్తారు అన్నది తెచ్చే ముందే తేల్చుకోవాలి. దుబాయ్, కువైట్ ప్రయాణాలతో తాళం పడే ఇళ్లు ఇక్కడ కొత్త కాదు. తాళం వేసిన గుమ్మం ముందు కూర్చుండిపోయే కుక్కలూ కొత్త కాదు.

వరదల మాట వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు నీట మునిగాయి. నీరు ఏటిగట్టు వైపు వస్తోందని తెలిస్తే, కుక్కను పడవలో తీసుకెళ్లే వీలు లేకపోయినా గొలుసు మాత్రం విప్పాలి. ఈదగలదు అది. కట్టేసి ఉంటే ఈదలేదు.