అసమ్మతి రాయటం

తగరపువలస దాటి విజయనగరం రోడ్డెక్కితే గురజాడ ఊరు. 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశాడు. పిల్లలు వ్యాసం రాయాల్సింది ఎవరూ మాట్లాడని గ్రాంథికంలోనా, వాడుకభాషలోనా? తెలుగు కోసం ఆ వాదాన్ని ఇంగ్లీషులో రాశాడు. ఒప్పించాల్సినవాళ్ళకు చేరే భాష అదే మరి! ఒప్పుకోలేదు. 1915లో ఆయన పోయాడు. కాగితం మిగిలింది, వాడుకభాషావాదులకు ఆయుధమైంది.

ఆ గెలుపులో మాకూ వాటా ఉంది. కానీ 'శిష్టవ్యవహారం' అన్నప్పుడు ఆ శిష్టుల్లో దూదేకుల ఇల్లు ఎక్కడ? తగరపువలస బజారులో అందరితో కలిసి మాట్లాడే తెలుగులోనే మా దువా, ఫాతెహా, జనాజా ఉన్నాయి. రాస్తే మాత్రం అడుగున అర్థాలిమ్మంటారు. సంస్కృత సమాసానికి అడగని అర్థం మా అమ్మ మాటకెందుకు? ఇదే మా అసమ్మతి. తెలుగులోనే రాస్తున్నాం.