పోయింది ఒక్క ముక్క, చదవాల్సింది పది

వేల సర్వర్లున్న డేటా సెంటర్‌లో ఏదో ఒక యంత్రం ఆగిపోవడం రోజూ జరిగేదే. ఆగినదాంట్లోని డేటాను మిగతా యంత్రాల సాయంతో తిరిగి తయారుచేసే గణితం 1960 నుంచీ ఉంది. ఆ పని తక్కువ శ్రమతో ఎలా చేయాలన్న ప్రశ్న మాత్రం 2007 దాకా సూటిగా ఎవరూ వేసుకోలేదు. మధ్యలో దాదాపు అర్ధ శతాబ్దం ఎందుకు గడిచిందని చూస్తే నాకు తోచే కారణం ఒక్కటే. ఇంజినీర్లు, గణితవేత్తలు ఎక్కువగా భయపడింది ఒకేసారి నాలుగైదు చోట్ల జరిగే నష్టానికి. రోజూ జరిగేది ఒక్క చోట నష్టం. దాని ఖర్చు చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు.

1960లో ఎంఐటీ లింకన్ లాబొరేటరీకి చెందిన ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రచురించిన కోడ్‌తోనే ఈ కథ మొదలవుతుంది. దాని సూత్రం సరళం. పది డేటా ముక్కలకు నాలుగు అదనపు ముక్కలు లెక్కగట్టి చేరుస్తారు. ఆ పద్నాలుగింటిలో ఏ నాలుగు పోయినా, మిగిలిన పదితో మొత్తం రాబట్టవచ్చు. పది తెలియని విలువలు తేల్చడానికి పది సమీకరణాలు కావాలి కదా, అదే ఇక్కడి కిటుకు. చిక్కు కూడా అక్కడే ఉంది: పోయింది ఒక్కటే అయినా పది చదవాల్సిందే. ఈ కోడ్‌ను వాడుకున్న కాంపాక్ట్ డిస్క్‌కు అది చిక్కే కాదు. గీత పడిన డిస్క్ తిరుగుతుంటే మంచి బిట్లు, చెడినవి అన్నీ ఎలాగూ ప్లేయర్ చేతికి వస్తాయి, కొత్తగా తెప్పించుకోవాల్సింది ఏమీ ఉండదు. 1988లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రతిపాదించిన రెయిడ్ అనే డిస్కుల సమూహ పద్ధతిలోనూ డిస్కులన్నీ ఒక చోటే ఉండేవి. చదవడానికి సమయం పట్టేదే కానీ, ఊరంత నెట్‌వర్క్‌ను దాటాల్సిన పని లేదు.

2003లో గూగుల్ తన ఫైల్ సిస్టమ్ గురించి ప్రచురించిన వ్యాసంలో కనిపించే పరిస్థితి వేరు. అక్కడ ప్రతి 64 మెగాబైట్ల ముక్కకూ మూడు కాపీలు, మూడు వేర్వేరు సర్వర్లలో ఉండేవి. ఒక ప్రయోగంలో సర్వర్‌ను కావాలనే ఆపేశారు. అందులో సుమారు 15,000 ముక్కలు, 600 గిగాబైట్ల డేటా ఉంది. మిగతా సర్వర్లు ఆ పనిని పంచుకుని 23.2 నిమిషాల్లో కాపీలన్నీ తిరిగి నింపాయి. ఇంకో ప్రయోగంలో ఒకేసారి రెండు సర్వర్లను ఆపితే 266 ముక్కలు ఒంటి కాపీతో మిగిలాయి. వాటిని ముందు వరుసలో పెట్టి రెండు నిమిషాల్లోపే రెండో కాపీ తీశారు. ఇది నాకు చాలా విలువైన సాక్ష్యం. డేటా భద్రత ఎన్ని కాపీలున్నాయన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, పోయిన కాపీ ఎంత త్వరగా తిరిగి వస్తుందన్న దాని మీదా అంతే ఆధారపడుతుందని అది తేల్చింది.

అయితే మూడు కాపీలంటే మూడింతల డిస్కులు. ఆ భారం దించుకోవడానికే పెద్ద కంపెనీలు మళ్లీ రీడ్, సాలమన్‌ల దగ్గరికి వెళ్లాయి. ఫేస్‌బుక్ తన హడూప్ క్లస్టర్‌లో పాతబడిన డేటాకు పదికి నాలుగు చేర్చే పద్ధతి పెట్టింది. మూడింతల స్థలం 1.4 ఇంతలకు దిగింది. ఆ పొదుపు రెండో వైపు ఎలా వసూలైందో 2013లో కె.వి. రష్మి బృందం ఆ క్లస్టర్‌ను కొలిచి చూపించింది. ఒక 256 మెగాబైట్ల బ్లాక్ పోతే పది బ్లాకులు, అంటే 2,560 మెగాబైట్లు, వేర్వేరు ర్యాకుల నుంచి రావాలి. కొలిచిన రోజుల్లో కనీసం సగం రోజుల్లో 180 టెరాబైట్లకు పైగా డేటా ర్యాకుల మధ్య కేవలం ఈ మరమ్మతు కోసమే ప్రయాణించేది. ముక్కలు పోయిన సందర్భాల్లో దాదాపు 98 శాతం ఒక్క ముక్క మాత్రమే పోయినవి. ఈ చివరి అంకె ముందే తెలిసి ఉంటే ఈ రంగం వేరే దారిలో నడిచేదని నా నమ్మకం.

కొలత రాకముందే గణితం వచ్చింది. 2007లో అలెగ్జాండ్రోస్ డిమాకిస్, కణ్ణన్ రామచంద్రన్ తదితరులు ఒక ముక్కను బాగుచేయడానికి కనీసం ఎంత డేటా కదలాలో హద్దు గీశారు. పద్నాలుగు ముక్కల ఉదాహరణలో, మిగిలిన పదమూడు యంత్రాలూ తమ బ్లాక్‌లో నాలుగో వంతు చొప్పున పంపితే చాలు. అంటే పది బ్లాకులకు బదులు మూడుంబావు, 832 మెగాబైట్లు. అదనపు డిస్క్ స్థలం అక్కర్లేకుండానే ఇంత తగ్గుతుందని తేలడం నిజంగా అద్భుతం. ఈ హద్దును తాకే క్లే కోడ్‌ను బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పి. విజయ్ కుమార్ బృందం మరికొందరితో కలిసి 2018లో ఆచరణలోకి తెచ్చింది. తర్వాత అది సెఫ్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థలో చేరింది. కానీ ఆ కోడ్ కోసం ప్రతి బ్లాక్‌ను 256 ఉపముక్కలు చేయాలి. మరమ్మతులో ప్రతి యంత్రం వాటిలో 64 చదువుతుంది. పోయినది ఏ బ్లాక్ అన్నదాన్ని బట్టి ఆ 64 ఒకే చోట ఉండొచ్చు, బ్లాక్ అంతటా చెదిరి ఉండొచ్చు. బ్లాక్ పెద్దదైతే ఇబ్బంది లేదు. చిన్నదైతే డిస్క్ అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోవాల్సి వస్తుంది.

మైక్రోసాఫ్ట్ 2012లో అజూర్ స్టోరేజ్ కోసం వెల్లడించిన దారి వేరు. పన్నెండు డేటా ముక్కలను ఆరేసి చొప్పున రెండు గుంపులు చేసి, గుంపుకొక స్థానిక ప్యారిటీ (అదనపు ముక్క), మొత్తానికి రెండు ఉమ్మడి ప్యారిటీలు పెట్టారు. వీధిలో కుళాయి చెడితే ఊరి నీళ్లన్నీ ఆపకుండా ఆ వీధి వాల్వు ఒక్కటే కట్టేసినట్టు, ఒక డేటా ముక్క పోతే దాని గుంపులోని ఆరు ముక్కలు చదివితే సరిపోతుంది. స్థలం 1.33 ఇంతలు. అదే నాలుగు ప్యారిటీలతో రీడ్–సాలమన్ ఏ నాలుగు నష్టాలనైనా తట్టుకుంటుంది, ఇది ఏ మూడింటినైనా తట్టుకుంటుంది, నాలుగు పోయిన సందర్భాల్లో మాత్రం 86 శాతమే. అరుదైన ప్రమాదాన్ని ఎదుర్కొనే శక్తిని కొంత వదులుకుని రోజువారీ సుఖం కొనుక్కోవడం తప్పు కాదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ నాలుగో నష్టం రావాలంటే ముందటి మూడూ బాగుపడకుండా ఉండాలి. మొదటిది సగం చదువులతో బాగుపడితే, రెండోది దాని పక్కన చేరే వ్యవధే తగ్గిపోతుంది. గూగుల్ ప్రయోగం చెప్పిందీ అదే.

డిస్కులు చవకవుతున్నాయి, మూడు కాపీలే ఉంచుకోవచ్చు కదా అనేది మరో అభ్యంతరం. తరచూ వాడే డేటాకు ఇప్పటికీ చాలామంది అలాగే చేస్తారు, అది సరైనదే. ఏళ్ల తరబడి పేరుకునే పాత డేటా విషయంలో మాత్రం డిస్కులతో పాటు కరెంటు, స్థలం కూడా మూడింతలవుతాయి. తొందరెందుకు, ఆగిన యంత్రం అదే లేస్తుందేమో చూద్దామనేవారి మాటలోనూ నిజముంది. ఫేస్‌బుక్ క్లస్టర్ కూడా పావుగంట ఆగాకే మరమ్మతు మొదలుపెట్టేది. అయితే ఆ పావుగంటలో ఎవరైనా ఆ ఫైల్ అడిగితే జవాబు చెప్పాలి. యంత్రం చెడిపోనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ కోసం కాసేపు ఆపినా, పని ఎక్కువై మందగించినా అదే పరిస్థితి. అప్పుడు ఆ ముక్కను అప్పటికప్పుడు మిగతావాటి నుంచి కట్టి ఇవ్వాలి. అజూర్ లెక్కలో చెప్పాలంటే, పన్నెండు డిస్కుల్లో అన్నిటికన్నా నెమ్మదైనది వచ్చేదాకా ఆగడానికీ, ఆరింటి కోసం ఆగడానికీ ఉన్న తేడా ఆ ఫైల్ అడిగిన మనిషికి నేరుగా తెలుస్తుంది.