ఓరుగల్లు మీదికి ఐదు దండయాత్రలు

ఒకప్పటి ఓరుగల్లు అయిన వరంగల్‌లో కోటకు వెళ్ళినవాళ్ళు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరిగొస్తారు. దారిలో దాటిన మట్టికోటను చాలామంది ఏదో దిబ్బ అనుకుంటారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనకు ముందుగా అడ్డుపడింది ఆ మట్టిగోడే. ఉక్కు బల్లెం కూడా అందులో దిగదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. 1303 నుంచి 1323 దాకా ఢిల్లీ సేనలు ఐదుసార్లు ఓరుగల్లును ఏలే కాకతీయుల మీదికి వచ్చాయి. అంతదూరం అన్నిసార్లు ఎందుకొచ్చినట్టు?

మతం కోసమని కొందరు, కోహినూరు కోసమని కొందరు చెబుతుంటారు. అసలు కథ 1296లో మొదలైంది. ఆ ఏడు కడా ప్రాంతాన్ని ఏలుతున్న అల్లావుద్దీన్ ఖిల్జీ దేవగిరిని కొల్లగొట్టి, ఆ సొమ్ముతోనే ఢిల్లీ గద్దెనెక్కాడు. దక్కను ధనం రుచి అప్పుడే తెలిసింది. అటు మంగోలులు 1303లో ఢిల్లీనే చుట్టుముట్టారు. వాళ్ళను ఆపాలంటే పెద్ద సైన్యం కావాలి, దానికి రొక్కంలో జీతాలివ్వాలి.

ఇటు ఓరుగల్లుకు డబ్బు కొదవ లేదు. చెరువుల కింద పంట పండేది. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి సముద్ర వర్తకులకు భరోసా ఇచ్చాడు. ఆ రేవున్న దేశంలో దొరికే వజ్రాల గురించి మార్కో పోలో రాశాడు.

1303లో బెంగాల్ మీదుగా వచ్చిన సేన ఓడి వెనుదిరిగింది. 1309లో కాఫూర్‌ను పంపుతూ అల్లావుద్దీన్ చెప్పిన మాటను చరిత్రకారుడు బరనీ రాసిపెట్టాడు: కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి ఏటా కప్పం కడతానంటే ఒప్పుకో, అంతకు మించి పట్టుబట్టకు. కాఫూర్ అలాగే చేశాడు. సొమ్ము ఒంటెల మీద ఢిల్లీకి తరలింది, రాజ్యం రాజు చేతిలోనే ఉండిపోయింది.

ఆ లెక్క 1318లో మారింది. ఢిల్లీ దేవగిరిని పూర్తిగా కలిపేసుకుంది. దూరాన ఉన్న ఢిల్లీ ఓరుగల్లుకు సరిహద్దు రాజ్యమైంది. అదే ఏడు ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ కప్పం బకాయిల కోసం వచ్చాడు. ఢిల్లీలో గద్దె చేతులు మారగానే ప్రతాపరుద్రుడు మళ్ళీ కప్పం ఆపేశాడు. 1320లో గద్దెనెక్కిన గియాసుద్దీన్ తుగ్లక్‌కు కప్పం ఒక్కటే చాలలేదు. అతని కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి, సుల్తాను చనిపోయాడన్న పుకారుతో చెదిరిపోయింది. అతను దేవగిరికి తగ్గి, బలం కూడగట్టుకుని 1323లో తిరిగొచ్చాడు. ఈసారి కోట పడింది, ఊరు సుల్తాన్‌పూర్ అయింది. బందీగా వెళుతున్న ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని విలస శాసనం చెబుతోంది.

దక్షిణాది రాజుల పగలు కూడా ఈ యుద్ధానికి దారి వేశాయి. కాకతి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరులోనే చనిపోయాడు, అతని కొడుకు గణపతిదేవుడు వాళ్ళ చెరలో ఉన్నాడు. 1309లో కాఫూర్‌కు తోడ్పాటు అందించింది ఢిల్లీకి లొంగిన దేవగిరి రామచంద్రుడు. కాఫూర్ చేతిలో పాండ్యులు దెబ్బతిన్నాక కంచి మీదికి వెళ్ళింది ప్రతాపరుద్రుడి సేన. ఇరుగింటి మంటకు ఎవరూ నీళ్ళు మోయలేదు.

ధనాశ ఢిల్లీ సేనల్ని ఓరుగల్లు దాకా తెచ్చింది. వాటిని ఇక్కడ పాతుకుపోయేలా చేసింది దేవగిరి పతనం. మట్టికోట బలంగానే ఉంది, దానికి అవతల కాపు కాసేవాళ్ళే లేకపోయారు.