స్క్రైబ్ సదుపాయం

చూపు లేకపోవడం వల్లనో, చేతులు సహకరించకపోవడం వల్లనో పరీక్ష తానుగా రాయలేని విద్యార్థి జవాబు చెబుతుంటే, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. లేఖకుడు, రాత సహాయకుడు అనే మాటలు ఉన్నా కాలేజీల్లోనూ పరీక్షా కేంద్రాల్లోనూ వినబడేది స్క్రైబ్ అనే. జవాబు విద్యార్థిది, చెయ్యి మాత్రమే స్క్రైబ్‌ది. ఇది ప్రిన్సిపాల్ దయతలిచి ఇచ్చే అనుమతి అని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. భారతదేశంలో ఇది చట్టం ఇచ్చిన హక్కు.

చట్టం

1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ఆ సంఖ్యను 21కి పెంచింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఇది అమల్లో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. 40 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని 32వ సెక్షన్ చెబుతుంది. తెలుగు రాష్ట్రాల్లో వైకల్య శాతాన్ని తేల్చే పత్రం సదరం సర్టిఫికెట్‌గా ఇంటింటా తెలిసిందే. దేశమంతటా చెల్లేది యూడీఐడీ కార్డు.

పరీక్ష గదిలో

కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వమన్నాయి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. విద్యార్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు తన కన్నా ఒక మెట్టు తక్కువగా ఉండాలనీ, పదో తరగతికి మాత్రం తగ్గకూడదనీ అవి చెప్పాయి. పరీక్ష పెట్టే సంస్థే స్క్రైబ్‌ను ఇస్తే, రెండు రోజుల ముందుగా ఇద్దరినీ కలవనివ్వాలన్నాయి.

ఈ రెండు రోజుల నిబంధన విలువ పరీక్ష గదిలో కూర్చుంటేనే తెలుస్తుంది. విద్యార్థి "రూట్ ఎక్స్ ప్లస్ వన్" అంటాడు. వర్గమూలం గుర్తు ఎక్స్ దగ్గర ఆగాలా, ఒకటి మీదుగా కూడా సాగాలా? ఇద్దరికీ ముందే ఒక ఒప్పందం లేకపోతే లెక్క అక్కడే తప్పుతుంది. తెలుగు పేపర్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. విద్యార్థి "భాష" అని స్పష్టంగా పలికినా, ఇంగ్లిష్ మీడియంలో చదివిన స్క్రైబ్ చేతిలో అది "బాష" అయితే మార్కు పోయేది విద్యార్థికే. అందుకే భాషలకు ఒకరిని, మిగతా సబ్జెక్టులకు వేరొకరిని పెట్టుకునే వీలు కూడా ఆ మార్గదర్శకాలు ఇచ్చాయి. చూపు లేనివారికి పటాలు చూసి రాయాల్సిన ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇవ్వమన్నాయి.

వికాస్ కుమార్ కేసు

రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ ఉన్న వికాస్ కుమార్ 2018 సివిల్ సర్వీసెస్ పరీక్షకు స్క్రైబ్‌ను అడిగితే యూపీఎస్సీ నిరాకరించింది. ఆయన వైకల్యం 40 శాతానికి చాలా తక్కువ. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 40 శాతం గీత రిజర్వేషన్ వంటివాటికే గానీ, రాయలేని మనిషికి స్క్రైబ్‌ను ఇవ్వడానికి అది అడ్డు కాకూడదన్నది దాని సారం. ఆ తీర్పు ఫలితంగానే 40 శాతం లోపు వారి కోసం 2022 ఆగస్టు 10న విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. కాలేజీ విద్యార్థులకు ఇంతగా పనికొచ్చిన తీర్పులు కొద్దే.

చదువుకునే పుస్తకాలు

పరీక్ష రాయడానికి ముందు చదవడానికి ఏదైనా ఉండాలి కదా. మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన శ్రీకాంత్ బొల్లా, చూపు లేనందున ఇంటర్‌లో సైన్స్ కుదరదంటే కోర్టుకెళ్లి సాధించుకున్నారు. పాఠాలను ఆడియోగా మార్చుకుని చదివారు. తరువాత అమెరికాలోని ఎంఐటీలో పట్టా పొందారు. అంధుల కోసం పుస్తకాలను వేరే రూపాల్లోకి మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ దారి చేసింది. ఇదే ఉద్దేశంతో వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఇలాంటి పుస్తకాల ఆన్‌లైన్ గ్రంథాలయం.

ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ కంప్యూటర్‌లోని తెలుగును చదివి వినిపించగలదు. కానీ తెలుగు పుస్తకాలు, నోట్సు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి తెలుగులా కనిపించే ఆ అక్షరాల వెనుక ఉన్నవి వేరే గుర్తులు కాబట్టి, స్క్రీన్ రీడర్ నోట అర్థంలేని శబ్దాలే వస్తాయి. స్కాన్ చేసి పంపిన పీడీఎఫ్ అయితే అది వట్టి ఫొటో, అసలు పలకదు. అదే పాఠాన్ని లెక్చరర్ యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే విద్యార్థి ఎవరి సాయం లేకుండా ఆ రాత్రే చదువుకుంటాడు. పరీక్షలో కూడా కంప్యూటర్ మీద జవాబులు టైపు చేయడానికి 2018 మార్గదర్శకాలు అనుమతించాయి. ఒక రోజు ముందే వచ్చి ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తుందో లేదో విద్యార్థి చూసుకోవచ్చని కూడా అవి చెప్పాయి. టైపింగ్ బాగా వచ్చిన విద్యార్థికి అప్పుడిక స్క్రైబ్‌తో పని ఉండదు.